ముసలి కుక్కకు కొత్త గడప



ఈ వారం మన పాఠానికి ఎన్నుకున్న అంశం చూసి కొందరు నవ్వుకోవచ్చు. విచారణలో ఇన్ని సమస్యలుండగా ఫాదరుగారికి కుక్కల గోల ఎందుకని అనుకునేవారూ ఉంటారు. కాని ఈమధ్య ఒక విశ్వాసురాలు నన్ను అడిగిన ప్రశ్న అంత తేలికగా తోసివేయదగింది కాదు. అటువంటి ప్రశ్న ఇప్పుడు మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో వస్తూనే ఉంది. పైకి అడగడానికి మొగమాటపడి ఎవరికి తోచింది వారు చేసి ఊరుకుంటున్నారు.

ఆమె పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని. భర్త చనిపోయి నాలుగేళ్ళయింది. పిల్లలిద్దరూ హైదరాబాదులో స్థిరపడ్డారు. వేసవి సెలవుల్లో వచ్చి తల్లిని తమ దగ్గరకు తీసుకుపోవాలని నిశ్చయించారు. ఇంట్లో ఒక కుక్క ఉంది. ఏడేళ్ళ క్రితం రైలుగేటు దగ్గర వెనకకాలు విరిగి పడివుంటే, ఆ దంపతులు ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి, కట్టు కట్టించి, ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటికే అది ఎదిగిన కుక్క. ఇప్పుడు పదేళ్ళు దాటి ఉంటుందని డాక్టరుగారి అంచనా. కొంచెం కుంటుతుంది. ఒక కన్ను మసకబారింది.

“అపార్టుమెంటులో కుక్క కుదరదమ్మా, గేటు తీసి వదిలెయ్యి, అదే బతుకుతుంది” అన్నాడు కొడుకు. ఒక బంధువు తన మామిడితోటలో కాపలాకు కట్టేసుకుంటానన్నాడు. ఇంకొకాయన గోనెసంచిలో వేసి కాలవ అవతల దింపి వస్తానన్నాడు. “ఇందులో పాపం ఉందంటారా ఫాదరుగారూ? ముసలిదాన్ని గనుక నాకే పట్టింపు ఎక్కువైందా?” అని ఆమె అడిగింది.

మొదట తత్వశాస్త్రం ఏమంటుందో చూద్దాం. పునీత తోమాసు అక్వినాసుగారు అరిస్టాటిలు బాటలో నడుస్తూ ప్రాణాన్ని మూడంతస్తులుగా వివరించారు. మొక్కలకు పెరిగే ప్రాణం. జంతువులకు దానితోపాటు చూసి, విని, నొప్పిపడగల ప్రాణం. మనిషికి ఈ రెంటితోపాటు వివేచన గలదీ, నాశనం లేనిదీ అయిన ఆత్మ. కనుక కుక్క మనిషి కాదు, మనిషితో సమానమూ కాదు. ఈ తేడాను చెరిపివేసి కుక్కకు పుట్టినరోజు కేకులు కోసేవారిని చూస్తే నాకూ నవ్వే వస్తుంది. అయితే సమానం కాదన్నంత మాత్రాన ఏమైనా చేయవచ్చునని అర్థం కాదు గదా! జంతువులమీద క్రూరత్వం అలవాటైన చేయి రేపు మనిషిమీదికి కూడా లేస్తుందని అక్వినాసుగారే హెచ్చరించారు. 18వ శతాబ్దపు జర్మను తత్వవేత్త కాంటు సరిగ్గా ముసలి కుక్కనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఎన్నో ఏళ్ళు నమ్మకంగా కాపలాకాసిన కుక్క పనికి రానిదైనప్పుడు యజమాని దానిని చివరిదాకా పోషించాలనీ, అలా చేయనివాడు తనలోని మానవత్వాన్నే దెబ్బతీసుకుంటాడనీ ఆయన వాదన.

వీరిద్దరికంటె చాలా ముందు, సువార్తలు రాయబడిన కాలానికి దగ్గరలో, ప్లూటార్కు అనే గ్రీకు రచయిత ఉండేవాడు. ఆయన రోమను నాయకుడు కేటో జీవితచరిత్ర రాస్తూ ఒకచోట ఆగిపోయి కోపం తెచ్చుకున్నాడు. కేటో తన బానిసలు ముసలివాళ్ళై పనిచేయలేకపోతే అమ్మివేసేవాడట. న్యాయం మనుషుల మధ్య నడిచేది, దయ మాత్రం మూగజీవాల దాకా పారుతుంది అన్నది ప్లూటార్కు అభిప్రాయం. ఏథెన్సులో గొప్ప దేవాలయం కట్టేటప్పుడు బరువులు మోసిన కంచరగాడిదలను పని అయిపోయాక స్వేచ్ఛగా మేయడానికి వదిలిన సంగతి చెప్పాడు. క్రీ.పూ. 480లో పారశీకుల దాడికి ఏథెన్సు ప్రజలు ఊరు వదిలి సలామీసు దీవికి ఓడల్లో పోతుంటే, ఒక యజమాని ఓడ పక్కనే ఈదుతూ వచ్చిన కుక్క కథ చెప్పాడు. తన మటుకు తనకోసం చాకిరీ చేసి ముసలిదైన ఎద్దునైనా అమ్మననీ, ముసలి మనిషినైతే అసలే అమ్మననీ అన్నాడు. నాకు కాంటుకంటె ప్లూటార్కే దగ్గరగా తోస్తాడు. కాంటు చూపంతా యజమాని మీదే ఉంది. ప్లూటార్కు చూపు కుక్కమీద కూడా ఉంది. పైగా ముసలి జంతువు సంగతి ఎత్తుకుని ఆయన తిన్నగా ముసలి మనుషుల దగ్గరకే వచ్చాడు. ఆ మాటకు మనమూ మళ్ళీ వద్దాం.

పరిశుద్ధ గ్రంథంలో కుక్కలకు మంచి పేరు తక్కువే. అవి వీధుల్లో పారేసినది తిని తిరిగేవి. అయినా తోబీతు గ్రంథంలో యువకుడైన తోబియా రఫాయేలు దేవదూతతో ప్రయాణమైనప్పుడు వాళ్ళ కుక్క వెంట నడిచింది, తిరుగు ప్రయాణంలోనూ వెనకే వచ్చింది. కథకు ఆ కుక్క అవసరమేమీ లేదు. ఐనా గ్రంథకర్త దానిని మరిచిపోలేదు. సమూయేలు రెండవ గ్రంథం 12వ అధ్యాయం ఇంకా ముఖ్యం. నాతాను ప్రవక్త దావీదు పాపాన్ని బయటపెట్టడానికి చెప్పిన కథలో ఒక పేదవాడికి ఒకే గొఱ్ఱెపిల్ల ఉంది. అది అతని కంచంలో తిని, అతని గిన్నెలో తాగి, అతని ఒడిలో కూతురులా పడుకునేది. ఆ ప్రేమ వెర్రి అని నాతాను అనలేదు, దావీదూ అనుకోలేదు. దావీదుకు కోపం వచ్చిందంటే ఆ బంధం ఎటువంటిదో అతనికి అర్థమైంది గనుకనే. విశ్రాంతిదినపు ఆజ్ఞలో ఎద్దుకూ గాడిదకూ కూడా భాగముందని మనకు తెలుసు. ఇక స్వర్గద్వారం దగ్గర కూడా కుక్కను వదలనన్న ధర్మరాజు కథ మన పొరుగువారి ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకుంటున్నదే.

1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం ఈ విషయాన్ని ఏడవ ఆజ్ఞ కింద, 2415 నుంచి 2418 వరకు పేరాలలో తీసుకుంది. జంతువులు దేవుని సృష్టి, మనం వాటిపట్ల దయగా ఉండవలసినవారం అంటుంది. అవసరం లేకుండా వాటిని బాధించడం, చంపడం మానవ గౌరవానికి తగదంటుంది. ఆ వెంటనే రెండోవైపూ చెబుతుంది. మనుషుల దారిద్ర్యం తీర్చడానికి ముందుగా పోవలసిన డబ్బును జంతువులమీద గుమ్మరించడం తగదు. మనుషులకే చెందవలసిన అనురాగాన్ని వాటికి మళ్ళించడమూ తగదు. ఈ రెండు వైపులనూ పట్టుకుని నడవాలి.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు వద్దాం. నేనిచ్చిన సమాధానం ఇది: కుక్కను ఇంకొకరికి అప్పగించడం పాపం కాదు. దానిని వదిలివేయడం తప్పు. అప్పగించడం వేరు, వదిలివేయడం వేరు. ఒకరి చేతిలోనుంచి ఇంకొకరి చేతిలోకి మారేదాకా ఆ బాధ్యత మొదటివారిదే. గేటు తీసినంత మాత్రాన అది తీరదు. మన దేశపు చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం, సరైన కారణం లేకుండా ఒక జంతువును ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో వదిలివేయడం నేరం. ఆ చట్టంలో మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 50 రూపాయలకు మించదు. అంతరాత్మకు ఆ లెక్క చాలదని వేరే చెప్పనక్కరలేదు.

“అదే బతుకుతుంది” అన్న మాట నిజం కాదు. వీధిలో పుట్టి పెరిగిన కుక్కకు తన హద్దులు, తన గుంపు, ఏ ఇంటి దగ్గర ఏ వేళకు ముద్ద దొరుకుతుందో అన్నీ తెలుసు. ఏడేళ్ళు వసారాలో పడుకున్న కుక్కకు అవేమీ తెలియవు. కాలవ అవతల దింపితే అక్కడి కుక్కలు తమ హద్దులోకి వచ్చిన దానిని తరిమి కరుస్తాయి. కుంటికాలుతో పరుగెత్తలేదు, మసక కంటితో లారీని చూడలేదు. ఇక మామిడితోట సంగతి. కాపు ఉన్నన్నాళ్ళూ తోటలో మనుషులుంటారు. జూన్ దాటితే కాయ అయిపోతుంది. జూలై వర్షంలో గొలుసుకు కట్టిన ఆ కుక్కకు అన్నం పెట్టేదెవరు? ఆ బంధువు మంచివాడే కావచ్చు. కాని ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే అదీ వదిలివేయడమే, కాకపోతే కొంచెం మర్యాదగా.

అన్నిటికంటె ముందు అడగవలసింది, అసలు పంపివేయాలా అని. పిల్లలు “అపార్టుమెంటువాళ్ళు ఒప్పుకోరు” అంటారు. కాని భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నివాసుల సంఘం మెజారిటీ ఓటుతోనైనా పెంపుడు కుక్కను నిషేధించడానికి వీల్లేదు. రైలులో ఏసీ మొదటి తరగతి కూపే పూర్తిగా మనకే దొరికితే కుక్కను వెంట తీసుకుపోవచ్చు. బ్రేకువ్యానులోని పెట్టెలో పంపే వీలూ ఉంది గాని, ముసలిదానికి వేసవిలో అది శిక్షే. సొంత కారులో రాత్రిపూట ప్రయాణం మేలు. ఇవన్నీ ఆలోచించాకనే కుదరదనాలి. ఆమె కొడుకు ఇంట్లో చిన్నబిడ్డకు ఆయాసం జబ్బు ఉంది. కుక్క వెంట్రుకలు పడవని డాక్టరు చెప్పాడు. అది సరైన కారణమే, మనిషి బిడ్డ ముందు.

ఇల్లు వెతకడంలో మనం సాధారణంగా చేసే పొరపాటు దూరంగా చూడటం. హైదరాబాదులో బ్లూక్రాసు వంటి సేవాసంస్థలు 1990ల నుంచి పనిచేస్తున్నాయి. విశాఖపట్నంలోనూ అటువంటివి ఉన్నాయి. కాని అక్కడికి వచ్చేవి ఎన్నో గాయపడిన జంతువులు. పెంచుకోవడానికి వచ్చేవారు కూనలనే ఏరుకుంటారు, ముసలివి అక్కడే మిగిలిపోతాయి. ఇల్లు దొరకనప్పుడు అడగవలసిన చోటు అది. మొదట చూడవలసింది మన వీధిలోనే. కుక్కకు ఇప్పటికే ఎవరు తెలుసు? ఎవరు వస్తే తోక ఊపుతుంది? ఈ ప్రశ్న అడిగితే ఆ టీచరుగారు కాసేపు ఆలోచించి, వీధి చివర వేపచెట్టు కింద ఇస్త్రీబండి పెట్టుకున్న ఆయన పేరు చెప్పింది. పగలంతా కుక్క ఆ బండి నీడలోనే పడుకుంటుందట! బంధువుల్లో, తన హోదాకు తగిన ఇళ్ళలో వెతికింది గాని ఆయనను అడగాలని ఆమెకు తోచలేదు. అడిగితే ఆయన “ఎలాగూ పగలంతా నా కాడే ఉంటదండి టీచరమ్మగారూ, రాత్రిపూట మా ఇంటికొస్తే సరి. కాకపోతే మందులూ అయ్యీ నావల్ల కాదండి” అన్నాడు. బియ్యానికి, మందులకు ప్రతినెలా తాను పంపుతానని ఆమె ఒప్పుకుంది. దయ చేయగల మనసు ఒకచోట, స్తోమతు ఇంకొకచోట ఉండటం లోకంలో మామూలే. రెంటినీ కలపడానికి నోరు తెరిచి అడగాలి.

ఇక్కడ ఎనిమిదవ ఆజ్ఞ వస్తుంది. ఇల్లు దొరికిందన్న సంతోషంలో కుక్క లోపాలు దాచిపెట్టడం చాలామంది చేసే పని. ఆమె కుక్క రెండేళ్ళ క్రితం గ్యాసుబండ తెచ్చిన అబ్బాయి పిక్క పట్టుకుంది. ఇస్త్రీ ఆయన ఇంట్లో నాలుగేళ్ళ మనుమరాలు ఉంది. ఆ సంగతి చెబితే వద్దంటారేమోనని ఆమె భయపడింది. చెప్పి తీరాలని నేను గట్టిగా అన్నాను. చెప్పింది. ఆయన భార్య రెండు రోజులు ఆలోచించి, అన్నం తినేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ పిల్లను దాని దగ్గరకు పోనివ్వనని ఒప్పుకుంది. చెప్పకుండా ఇచ్చి, ఆ పిల్లకు ఏదైనా జరిగి ఉంటే? కుక్కపట్ల చూపిన దయ మనిషిపట్ల ద్రోహమయ్యేది.

అప్పగించే ముందు పశువైద్యునికి చూపించడం తప్పనిసరి. రేబిసు టీకా తేదీ రాసిన కాగితం కొత్తవారి చేతికివ్వాలి. ఆ వ్యాధి లక్షణాలు బయటపడ్డాక మందు లేనట్టే. కరిచినా గీరినా వెంటనే పావుగంటసేపు సబ్బుతో, పారే నీటితో కడిగి ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలని ప్రతి ఇంట్లో తెలిసివుండాలి. నులిపురుగుల మందు వేయించాలి. గోమార్లు ఏరించాలి, వాటివల్ల వచ్చే జ్వరం మన ప్రాంతంలో కుక్కలను కృంగదీస్తుంది. ముసలికుక్క నీళ్ళు మరీ ఎక్కువగా తాగుతుంటే మూత్రపిండాలో, చక్కెర జబ్బో చూడమని డాక్టరుగారిని అడగాలి. నొప్పి అని మనం వేసుకునే మాత్రలు దానికి వేయరాదు, ప్రాణం మీదికి రావచ్చు. ఉల్లిపాయ, చాక్లెట్టు, ద్రాక్ష పెట్టరాదు. కీళ్ళు పట్టేసిన కుక్క నున్నటి బండలమీద జారిపడుతుంది, అది తిరిగేచోట గోనెపట్టాలు పరిస్తే చాలు. చెవుడు వచ్చినదానిని నిద్రలో వెనకనుంచి తాకితే ఉలిక్కిపడి కరవవచ్చు. ముందునుంచి వచ్చి, కాలితో నేలమీద తట్టి లేపాలి. ఉరుములన్నా టపాకాయలన్నా భయముంటే అదీ చెప్పాలి. దీపావళికే కాదు, మన విచారణ పండుగలకూ క్రిస్మసు రాత్రికీ మనం కాల్చేవి తక్కువేమీ కాదు.

ఒక్కరోజులో తాడు చేతికిచ్చి బస్సెక్కరాదు. నెలరోజుల ముందే మొదలుపెట్టి, ముందు గంటసేపు, తరువాత ఒక పూట, తరువాత ఒక రాత్రి కొత్త ఇంట్లో ఉంచాలి. పాత దుప్పటి ఉతకకుండా వెంట పంపాలి, కుక్కకు వాసనే ఇల్లు. పేరు మార్చరాదు. మొదట కొన్ని వారాలు అదే మజ్జిగన్నమో, అదే పాలన్నమో అదే వేళకు పెట్టాలి. తాళం వేసిన పాత ఇంటి గుమ్మం దగ్గరకు పరుగెత్తుకు వస్తుంది గనుక కొన్ని వారాలపాటు తాడు లేకుండా బయటికి వదలరాదు. కుక్కలను కాపాడి ఇళ్ళు చూపించేవారు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మూడు రోజులు బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలియడం, మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకోవడం. ముసలివాటికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. మొదటివారం తిండి ముట్టలేదని వెంటనే తిరిగి తెచ్చుకోవద్దు. అలాగని, నిజంగా కుదరకపోతే తిరిగి తీసుకుంటానన్న మాట ఇవ్వకుండా అప్పగించవద్దు.

ఇన్ని డబ్బులు కుక్కమీద పెట్టడం న్యాయమా అని పాఠకులు అడగవచ్చు. మన విచారణలో మందులు కొనలేని రోగులున్నారు గదా! సత్యోపదేశం చెప్పిన హద్దు ఇక్కడే పనికొస్తుంది. టీకా, మజ్జిగన్నం, నొప్పికి మందు: ఇది మనం నెత్తికెత్తుకున్న బాధ్యతకు అయ్యే ఖర్చు. వేలకు వేలు పోసే ఆపరేషన్లు అక్కరలేదు. తగ్గని బాధతో తిండి మాని మూలుగుతున్న జంతువును పశువైద్యుని చేత నొప్పి తెలియకుండా నిద్రపుచ్చించడంలో తప్పు లేదు. మనిషి విషయంలో శ్రీసభ దానిని ఎన్నడూ ఒప్పుకోదు, తేడా మొదట చెప్పుకున్నదే. అయితే మనకు ప్రయాణం దగ్గరపడిందని, ఇల్లు వెతికే ఓపిక లేదని, తిని తిరుగుతున్న కుక్కకు ఆ సూది వేయించడం అవసరం లేకుండా చంపడమే.

ప్లూటార్కు మాటకు మళ్ళీ వస్తానన్నాను. ఆ టీచరుగారితో మాట్లాడుతుంటే కుక్క గురించి అరగంట చెప్పింది. “మరి మీకు వెళ్ళడం ఇష్టమేనా అమ్మా?” అని అడిగితే మాత్రం వెంటనే జవాబు రాలేదు. ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. పిల్లలు ప్రేమ లేనివాళ్ళు కారు, టిక్కెట్టు కొన్నారు, గది సిద్ధం చేశారు. కాని ఏ దుప్పటి వెంట తెచ్చుకుంటావు, ఏ వేళకు కాఫీ తాగుతావు, ముందు పదిరోజులుండి చూసి వెళతావా అని అడగలేదు. తల్లిదండ్రులను తీసుకుపోదలచిన కుమారులు, కుమార్తెలు ఈ పేజీ చదువుతుంటే ప్రయాణపు తేదీ ఖాయం చేయకముందే వారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి. మేడమీద దేవాలయానికి దగ్గరగా ఇల్లుందా, తెలుగు పూజ ఏ గుడిలో ఏ వేళకు ఉంటుంది, అది కూడా కనుక్కోండి.

చివరగా, ముసలి కుక్కను తీసుకునేవారూ ఇచ్చేవారూ ముందే మాట్లాడుకోవలసిన సంగతి ఒకటుంది. అది ఇంకెన్నాళ్ళో బతకదు. పోయిననాడు ఎక్కడ పాతిపెట్టాలి, గుంట తవ్వే కూలి ఎవరిది, అన్నది ఇప్పుడే అనుకోవాలి. బావికీ బోరుకూ దూరంగా, మూడు నాలుగు అడుగుల లోతున, వేరే కుక్కలు తవ్వకుండా పైన రాళ్ళు పేర్చాలి. పాత యజమానికి ఆ వార్త ఫోటోగా పంపవద్దు. ఫోను చేసి, ఆమె తీరికగా ఉందో లేదో అడిగి, ఆ తరువాత చెప్పండి.